వేడిని తోడు ఏతము: నూనె లేని కంప్రెసరును గూర్చి రైతులకొక పాఠము



ఇటీవల మేము డెల్టా గ్రామములలో తిరుగుచుండగా పలుచోట్ల మమ్ములను ఒకటే ప్రశ్న అడుగుచున్నారు. "వడ్లు ఆరబెట్టుటకు హీటు పంపు అను యంత్రము వచ్చినదట. అందులోను నూనె అక్కరలేని కంప్రెసరు మేలైనదట. సంఘపు సొమ్ము పెట్టి దానిని కొనవచ్చునా?" అని. ఔననియో కాదనియో ఒక్క మాటలో జవాబు చెప్పి పోవుట సులభమే. కాని అట్లు తొందరపడి చెప్పి మేమొక పర్యాయము సభ్యులకు నష్టము కలిగించితిమి. ఆ సంగతిని దాచక ముందుగా చెప్పి, పిమ్మట పాఠములోనికి పోయెదము.

2018వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన పెథాయ్ తుపాను కాట్రేనికోన వద్ద తీరము దాటెను. సార్వా కోతలు ముగిసి వడ్లు కళ్లములలో నుండిన దినములవి. ఒక గ్రామమున విత్తనమునకై ప్రత్యేకముగా పెంచిన పంట బరకముల క్రింద తడిసి ఆవిరులు చిమ్ముచుండెను. ఏమి చేయుదుమని రైతులు మమ్ములను అడిగిరి. దగ్గరనున్న ఒక మిల్లులో ఊకతో మండు డ్రయరు గలదు గనుక వెంటనే అందులో పోయుడని మేము చెప్పితిమి. రెండు పూటలలో వడ్లు ఎండినవి, అందరును సంతోషించిరి. కాని మరుసటి జూనులో నారుమడులు పోసినప్పుడు నూటికి 40 గింజలైనను మొలకెత్తలేదు. డ్రయరులోని గాలి ఎంత వేడిగా నుండెనో మేము అడుగలేదు, కొలువలేదు. వడ్లు ఎండినవి గాని విత్తు చచ్చినది. ఒక వృద్ధ రైతు మా యొద్దకు వచ్చి, "బాబూ, తడిసిన విత్తనమైతే సగమైనా దక్కెడిదండీ, మీరు కాపాడిన విత్తనము బొత్తిగా పోయినది" అనెను. ఆ మాట మేమింకను మరువలేదు.

అందుచేత ఈ యంత్రము మంచిదా చెడ్డదా యని చెప్పుటకు ముందు, అది యెట్లు పనిచేయునో, ఎక్కడ పనికివచ్చునో, ఎక్కడ రాదో సభ్యులు తామే గ్రహించునట్లు చెప్పవలెనని మా యుద్దేశము.

1. వేడిని తోడుట యన నేమి?

మన కాలువలలో నీరు పల్లమునకు తానే పారును. మెరకకు ఎక్కింపవలెనన్నచో ఏతము వేయవలెను, లేదా ఇంజను పెట్టవలెను. వేడి సంగతియు ఇట్టిదే. వేడి వస్తువునుండి చల్లని వస్తువునకు వేడి తానే పారును. చల్లని చోటినుండి వేడి చోటికి పంపవలెనన్నచో మాత్రము శ్రమ చేయవలెను. ఆ శ్రమ చేయు యంత్రమే హీటు పంపు. అనగా అది వేడిని పుట్టించునది కాదు. వేడిని తోడునట్టి ఏతము.

ఈ భేదమును చక్కగా గుర్తుంచుకొనవలెను. కరెంటు పొయ్యిలో ఒక యూనిటు కరెంటు ఖర్చుచేసినచో ఒక యూనిటు వేడియే వచ్చును, అంతకు మించి రాదు. హీటు పంపులో ఒక యూనిటు ఖర్చుపెట్టి, గాలిలోనో నీటిలోనో ఊరక పడియున్న వేడిని రెండు మూడు యూనిట్లు తోడి, మొత్తము మూడు నాలుగు యూనిట్ల వేడిని పొందవచ్చును. ఇందులో మాయ యేమియు లేదు. ఏతమువాడు నీటిని సృష్టింపడు గదా. ఉన్న నీటినే పైకి చేర్చును. అయితే నుయ్యి లోతైనకొలది ఏతమువాని శ్రమ పెరుగునట్లు, చల్లని చోటికిని వేడి చోటికిని మధ్య తేడా పెరిగినకొలది హీటు పంపునకు కరెంటు ఎక్కువ పట్టును. కావున 40, 45 డిగ్రీల వేడి చాలునన్న పనులకు ఇది మిక్కిలి లాభము. 100 డిగ్రీలకు పైబడిన వేడి కావలెనన్నచో లాభము తగ్గును.

ఈ తలంపు క్రొత్తది కాదు. ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన 1852వ సంవత్సరముననే స్కాట్లాండు దేశమున కెల్విన్ ప్రభువని తరువాత పేరొందిన విలియం థామ్సన్ ఈ సూత్రమును వివరించెను. ఆపై నాలుగైదేండ్లకే ఆస్ట్రియా దేశమున పీటర్ రిట్టింగర్ అను నాతడు ఉప్పునీటిని ఇగిర్చి ఉప్పు తీయుటకు ఇట్టి యంత్రమును కట్టెను.

ఇక యంత్రములోని భాగములు నాలుగు. చల్లని గొట్టపు చుట్ట ఒకటి, వేడి గొట్టపు చుట్ట ఒకటి, ఈ రెంటి నడుమ ఒక ప్రక్క కంప్రెసరు, రెండవ ప్రక్క సన్నని ద్వారముగల ఒక కవాటము. వీనిలో తిరుగునది మెకానిక్కులు గ్యాసు అని పిలుచు శీతలద్రవ్యము. కూజాలోని నీరు మట్టి రంధ్రములగుండ ఆవిరియగుచు మిగిలిన నీటిని చల్లపరచునట్లే, చల్లని చుట్టలో ఈ ద్రవ్యము ఆవిరియగుచు చుట్టునున్న వేడిని పీల్చుకొనును. ఆ ఆవిరిని కంప్రెసరు నొక్కును. నొక్కినచో వేడెక్కుననుటకు సైకిలు పంపే సాక్ష్యము. మేము చదివిన మిషను బడిలో మాకు సైన్సు చెప్పిన అయ్యవారు రంధ్రము మూసి సైకిలు పంపును నాలుగుసారులు కొట్టించి, దాని అడుగును మాచేత తాకించెడివారు. అట్లు వేడెక్కిన ఆవిరి వేడి చుట్టలో తన వేడిని విడిచి మరల ద్రవమగును. కవాటము దాటగానే దాని పీడనము తగ్గి తిరిగి చల్లబడును. ఇంట్లోని రిఫ్రిజిరేటరును, ఐసు ఫ్యాక్టరీయును, పాలశీతల కేంద్రమును, హీటు పంపును అన్నియు ఈ ఒక్క చక్రమే. చల్లదనము కావలసినవారు దానిని చల్లని చుట్ట వైపునుండి వాడుకొందురు; వేడి కావలసినవారు రెండవ వైపునుండి వాడుకొందురు.

2. వడ్ల యందు నీటి లెక్క

75 కిలోల బస్తా వడ్లలో తేమ 22 శాతముండెననుకొనుడు. విత్తనపు వడ్లలో తేమ 13 శాతమునకు మించరాదు. అచ్చటికి దింపవలెనన్నచో ఒక్కొక్క బస్తానుండి సుమారు 7¾ కిలోల నీరు తీసివేయవలెను. బస్తా తూకము 67¼ కిలోలకు వచ్చును. అట్టి నూరు బస్తాలకు 775 కిలోల నీరు. ఈ నీటిని ఎండ ఉచితముగ తీయును. కాని తుపాను దినములలో ఎండ యెక్కడ? 1996 నవంబరులో కోనసీమ తుపాను, 2018లో పెథాయ్, 2023 డిసెంబరులో మిచాంగ్ — ఇవన్నియు మన సార్వా కోతల కాలముననే వచ్చినవని జ్ఞాపకముంచుకొనుడు.

కరెంటు పొయ్యితో గాలిని కాచి ఆరబెట్టినచో యూనిటుకు ఒక కిలో నీరు పోవుటయే కష్టము. మంచి హీటు పంపు డ్రయరు యూనిటుకు ఇంచుమించు రెండు కిలోల నీటిని తీయగలదు. కావున పై నూరు బస్తాలకు పొయ్యికి 775 యూనిట్లు దాటినచో, హీటు పంపునకు 390 యూనిట్లు చాలును.

ఇది యెట్లనగా: మూసిన గదిలోని తడిగాలి మొదట చల్లని చుట్టపై తగులును. చల్లని చెంబు మీద చెమ్మ పట్టునట్లు గాలిలోని నీరు చుట్టమీద బొట్లై కారిపోవును. అట్లు పొడిబారిన గాలి వెంటనే వేడి చుట్టమీదుగా పోయి వెచ్చనై మరల వడ్లలోనికి ప్రవేశించును. బయట వర్షము కురియుచున్నను లోపలి గాలి పొడిగానే యుండును. మరియొక ముఖ్యమైన మేలు: గాలి పొడిగా నున్నందున వేడి తక్కువైనను వడ్లు ఎండును. విత్తనమునకు తగిలెడి గాలి 43 డిగ్రీలకు మించరాదు. మేము చేసిన తప్పు ఇచ్చటనే యున్నది. మిల్లు డ్రయరు తిండి వడ్లకు చేయబడినది. దాని వేడి విత్తనమునకు కాదు. హీటు పంపునకు 40 డిగ్రీలు సహజమైన పని.

3. కంప్రెసరులో నూనె యేల? దానివలన చిక్కులేమి?

ఇనుము ఇనుముతో రాసుకొను ప్రతి యంత్రమునకును నూనె కావలెను. కంప్రెసరులో ముషలకము, బేరింగులు తిరుగుచుండును గనుక అందును నూనె పోయుదురు. నూనె మూడు పనులు చేయును: రాపిడిని తగ్గించును, సందులను మూసి ఆవిరి వెనుకకు పోకుండ చేయును, వేడిని మోసికొనిపోవును. ఇన్ని మేళ్ళు చేయుదానిని తొలగింపవలెనని ఏల ప్రయత్నించుచున్నారు? ఇందుకు కారణములు నాలుగు గలవు.

మొదటిది: నూనె తన చోట నుండదు. ఆవిరితోబాటు కొంచెము కొంచెముగా గొట్టములలోనికి పోవును. చల్లని చుట్టలో గడ్డకట్టి గోడకు అంటుకొనును. జిడ్డుపట్టిన గిన్నె త్వరగా వేడెక్కనట్లు, నూనె పట్టిన గొట్టము వేడిని చక్కగా పీల్చుకొనలేదు. కరెంటు ఖర్చు పెరుగును.

రెండవది: పోయిన నూనె కంప్రెసరునకు తిరిగి రానిచో బేరింగులు ఎండి యంత్రము పట్టుకొనిపోవును. అందుకై నూనెను వేరుచేయు పాత్రలు, వెనుకకు తెచ్చు గొట్టములు, వడపోతలు అమర్చవలెను. పరికరము పెరిగినకొలది మరమ్మతు పెరుగును.

మూడవది: ప్రతి గ్యాసునకును వేరు నూనె కావలెను. ఇది చాల ముఖ్యము గనుక ముందు విడిగా చెప్పెదము.

నాలుగవది: వేడి ఎక్కువైనప్పుడు నూనె మాడి బొగ్గగును. 100 డిగ్రీలు దాటి ఆవిరిని ఇవ్వవలసిన హీటు పంపులకు ఇదియే పెద్ద అడ్డంకి.

4. గ్యాసుల కథ

మొదట ఐసు యంత్రములలో ఈథరు, అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు వాడిరి. వీనిలో కొన్ని మండునవి, కొన్ని విషములు. 1928లో అమెరికాలో థామస్ మిడ్జిలీయును ఆయన తోడివారును మండని, విషము కాని క్రొత్త గ్యాసులను కనిపెట్టిరి. ఆర్-12, ఆర్-22 ఈ వంశములోనివే. ఇవి లోకమంతట వ్యాపించినవి. కాని 1974లో మొలీనా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు ఈ గ్యాసులు మీది ఆకాశమునకు చేరి, సూర్యుని తీక్ష్ణకిరణములనుండి మనలను కాచు ఓజోను పొరను తినివేయునని హెచ్చరించిరి. 1985లో దక్షిణధ్రువము మీద ఆ పొర పలుచనైనదని కొలిచి చూపిరి. 1987 సెప్టెంబరు 16వ తేదీన మాంట్రియలు నగరమున పలు దేశములు ఒడంబడిక చేసికొనినవి. మన దేశము 1992లో అందులో చేరినది. ఆర్-12 పోయినది, ఆర్-22 కూడ 2030 నాటికి చాలవరకు తొలగవలసియున్నది.

వాని స్థానమున వచ్చిన ఆర్-134ఏ, ఆర్-410ఏ మొదలగునవి ఓజోను పొరను తినవు గాని భూమిని వేడెక్కించుటలో బహు బలముగలవి. ఒక కిలో బొగ్గుపులుసు వాయువు నూరేండ్లలో చేయు హానిని ఒకటిగా లెక్కించినచో ఒక కిలో ఆర్-134ఏ చేయు హాని 1,430. ఆర్-410ఏ చేయునది 2,088. కావున 2016 అక్టోబరులో కిగాలి నగరమున వీనిని కూడ తగ్గింతుమని దేశములు ఒప్పుకొనినవి. మన దేశము 2021లో దానిని ఆమోదించెను; 2028లో వాడకమును నిలకడకు తెచ్చి, 2047 నాటికి 85 శాతము తగ్గింపవలెను.

ఇప్పుడు నూనె సంగతి చూడుడు. ఆర్-12, ఆర్-22 లతో మామూలు ఖనిజపు నూనె కలిసిపోయెడిది. ఆర్-134ఏ వచ్చినప్పుడు అది ఆ నూనెతో కలియకపోయెను. వేరొక కృత్రిమపు నూనె కనిపెట్టవలసివచ్చినది. ఆ నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. డబ్బా మూత తీసియుంచినచో చెడును. అమ్మోనియా ఖనిజపు నూనెతో కలియదు. నూనె అడుగునకు దిగిపోవును. ప్రొపేను మరీ ఎక్కువగా కలిసి నూనెను పలుచన చేయును. ఇట్లు గ్యాసు మారినప్పుడెల్ల నూనె మారవలెను; నూనె మారినప్పుడు కంప్రెసరును మార్చవలెను. నూనెయే లేని కంప్రెసరైనచో ఈ చిక్కులో పెద్ద భాగము తొలగును. శాస్త్రజ్ఞులు ఈ రెండు పనులను, అనగా క్రొత్త గ్యాసును, నూనె లేని కంప్రెసరును, జతగా సాధించుచుండుటకు కారణమిదియే.

ఇప్పుడు ముందుకు వచ్చుచున్న గ్యాసులు చాలవరకు ప్రకృతిలోనివే. ప్రొపేను మన వంటగ్యాసులోని భాగమే. మండును, గాలికంటె బరువు, గుంటలలో చేరును. అమ్మోనియా విషము, రాగిని ఇత్తడిని తినును. కాని చవుక, వేడిని మోయుటలో బలముగలది. బొగ్గుపులుసు వాయువు మండదు. కాని 31 డిగ్రీలు దాటినచో ఎంత నొక్కినను ద్రవము కాదు, మన వేసవిలో సుమారు 100 వాతావరణముల పీడనము కావలెను. అయినను నీళ్ళు కాచుటకు అది మిక్కిలి అనుకూలము. నార్వే దేశపు గుస్టావ్ లోరెంట్జెన్ దానికి మరల ప్రాణము పోసిన పిమ్మట, 2001 నుండి జపానులో ఇండ్లలో నీళ్ళు కాచు యంత్రములుగా అమ్ముడుపోవుచున్నది. చివరిది మన నీరే. నీరు మండదు, విషము కాదు, కొననక్కరలేదు. కాని 5 డిగ్రీల యొద్ద ఒక కిలో నీటియావిరి 147 ఘనపు మీటర్ల చోటు ఆక్రమించును; అనగా 7 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తుగల కొట్టు నిండును. అంత ఆవిరిని నొక్కుటకు మహావేగముగ తిరుగు చక్రములు కావలెను.

5. నూనె లేకుండ నడుచు విధములు

ఒకటి: రాచుకొనని ముషలకము. 1935లోనే స్విట్జర్లాండు దేశపు సుల్జర్ కంపెనీవారు ముషలకమునకును సిలిండరునకును నడుమ సన్నని సందు విడిచి, అందు వరుసగా గాడులు కోసి, ఆవిరి ఆ గాడులలో చిక్కుకొని వెనుకకు పోకుండ చేసిరి. వేరొక రకమున నూనె అక్కరలేని టెఫ్లాను రింగులు తొడుగుదురు. ఇవి కాలక్రమమున అరుగును గనుక గడువుకు మార్చవలెను.

రెండు: అయస్కాంతపు బేరింగు. ఇరుసును విద్యుదయస్కాంతములు గాలిలో నిలిపియుంచును. ఇనుము ఇనుమును తాకదు గనుక నూనె అక్కరలేదు. నిమిషమునకు వేలకొలది, పదివేలకొలది చుట్లు తిరుగగలదు. ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో 1993లో ఆరంభమైన టర్బోకార్ ప్రయత్నమువలన ఇవి పెద్ద భవనములను చల్లపరచు యంత్రములలోనికి వచ్చినవి. "కరెంటు పోయిన ఇరుసు క్రింద పడదా?" యని సభ్యులు అడుగవచ్చును. కరెంటు పోగానే తిరుగుచున్న ఇరుసు తానే డైనమోవలె కరెంటు పుట్టించి, ఆగువరకు అయస్కాంతములకు ఇచ్చుకొనును. అయినను చివరి జాగ్రత్తగా వేరు బేరింగులు ఉంచుదురు.

మూడు: గ్యాసు బేరింగు. ఇరుసు వేగముగ తిరుగునప్పుడు దాని చుట్టునున్న ఆవిరియే పలుచని పరుపువలె దానిని మోయును. స్విట్జర్లాండులోని లొజాను సాంకేతిక విద్యాలయమువారు 2009లో ప్రకటించిన ప్రయోగమున, ఇంటి హీటు పంపునకు తగిన చక్రము 20 మిల్లీమీటర్ల వ్యాసము గలది, రూపాయి నాణెమంత. అది నిమిషమునకు 2,10,000 చుట్లు తిరిగినది. ఇట్టివి చిన్న యంత్రములకు చవుకగా దొరుకునట్లు చేయుటయే నేటి పరిశోధకుల యెదుటనున్న పని.

నూనె లేనందున మరియొక మేలు కలదు. ప్రొపేనులో కొంతభాగము నూనెలో కరిగి దాగియుండును. నూనె లేనిచో అంత ప్రొపేను పోయనక్కరలేదు. మండు గ్యాసు ఎంత తక్కువైన అంత క్షేమము.

6. ఐసు ఫ్యాక్టరీలలో పనిచేయువారికి ఒక హెచ్చరిక

రొయ్యల చెరువులు పెరిగిన పిమ్మట మన డెల్టాలో ఐసు ఫ్యాక్టరీలు పెరిగినవి. వానిలో అమ్మోనియాయే విశేషముగ వాడుదురు, కంప్రెసరులు నూనెవే. మన సభ్యుల పిల్లలు చాలమంది అక్కడ పనిచేయుచున్నారు. కావున ఈ మాట చెప్పక విడువరాదు.

అమ్మోనియా గొట్టముల అడుగున చేరిన నూనెను అప్పుడప్పుడు తీసివేయవలెను. చల్లని నూనె చిక్కగానుండి కుళాయిలో అడ్డుపడును. పనివాడు కుళాయిని ఇంకను త్రిప్పును. అకస్మాత్తుగా అడ్డు తొలగి నూనె వెనుకనున్న అమ్మోనియా ద్రవము ముఖముమీదికి చిమ్మును. అమ్మోనియా ప్రమాదములలో పెక్కు ఇట్లు జరుగుచున్నవే. నూనె తీయునప్పుడు ఇద్దరుండవలెను. నూనె కుండకు ద్రవము వచ్చు కుళాయిని ముందు మూసి, అందులోని ఆవిరిని లాగివేసిన పిమ్మటనే తీయవలెను. చేయి విడిచినంతనే తానే మూసుకొను స్ప్రింగు కుళాయి ఉండవలెను. మొగమునకు ముసుగు, చేతులకు తొడుగులు లేనిదే ముట్టరాదు. కుళాయి తెరచి బీడీ కాల్చుకొనుటకు పోరాదు. కంటిలో పడినచో వెంటనే మంచినీటితో 15 నిమిషములకు తక్కువ కాకుండ కడిగి, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. గాలి కారినప్పుడు గాలివాలుకు అడ్డముగ పరుగెత్తవలెను. నూనె లేని కంప్రెసరు వచ్చిన నాడు ఈ పనియే ఉండదు. మా దృష్టిలో కరెంటు ఆదాకంటె ఇదియే గొప్ప లాభము.

7. మన సంఘములకు ఏది తగును?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వచ్చెదము. తిండి వడ్లను 17 శాతమునకు దింపి కొనుగోలు కేంద్రమునకు తోలుటకు హీటు పంపు అక్కరలేదు. మన మిల్లులలో ఊక దండిగా నున్నది. ఊకతో మండు డ్రయరు చవుక. ఉప్పుడు బియ్యపు బాయిలరులకు కావలసిన ఆవిరికిని ఊకయే తగినది. ఈ మాట అమ్మకపుదారులు చెప్పరు గనుక మేము చెప్పుచున్నాము.

విత్తనపు వడ్లకు మాత్రము సంగతి వేరు. మారుటేరు పరిశోధనా స్థానము 1982లో విడుదల చేసిన స్వర్ణ మొదలుకొని, మన విత్తనములు దేశమంతట పేరొందినవి. అట్టి విత్తనమును 43 డిగ్రీలలోపున, వాన కురియుచున్నను ఆరబెట్టగల యంత్రము సంఘమునకు ఆస్తియే. కొబ్బరితోటలలో పండు కోకో గింజలకును, చేపలకును, పాలశీతల కేంద్రమున ఒక ప్రక్క పాలను చల్లపరచుచు రెండవ ప్రక్క క్యానులు కడుగుటకు నీళ్ళు కాచుటకును హీటు పంపు తగును. ఒకే కరెంటుతో రెండు పనులు అగును.

అయితే నూనె లేని రకమునే కొనవలెనా? నేడు అయస్కాంతపు బేరింగు యంత్రములు పెద్ద పరిమాణములకే గిట్టును. వాని మరమ్మతునకు మన పల్లెటూరి మెకానిక్కు చాలడు. ఒక గ్రామసంఘపు డ్రయరునకు నేడు నూనెగల మంచి కంప్రెసరే చాలును. పది సంఘములు కలిసి పెద్ద శీతలగిడ్డంగి కట్టుకొనునప్పుడు నూనె లేనిదానిని లెక్కలోనికి తీసికొనవలెను.

8. సొమ్ము చెల్లించుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

సంఘపు కార్యవర్గమువారు ఈ క్రింది ప్రశ్నలను కాగితముమీద వ్రాసికొని అమ్మువానిని అడిగి, జవాబులను వ్రాతమూలముగ తీసికొనవలెను.

(1) ఇందులో ఏ గ్యాసు గలదు? ఒడంబడికలవలన పోవుచున్న ఆర్-22 ఐనచో కొనరాదు.

(2) యూనిటు కరెంటుకు ఎన్ని కిలోల నీరు తీయును? మన వడ్లతో, మన యెదుట, తూచి చూపవలెను.

(3) గింజకు తగులు గాలి ఎన్ని డిగ్రీలు? థర్మామీటరు ఎక్కడ పెట్టిరి?

(4) ఏ నూనె పోయవలెను, ఎప్పుడు మార్చవలెను? నూనె లేనిదైనచో ఏ భాగము అరుగును, దాని వెల యెంత?

(5) కరెంటు హఠాత్తుగా పోయి వచ్చినచో, వోల్టేజి తగ్గినచో ఏమగును?

(6) మండు గ్యాసైనచో ఎంత పోసిరి? గదికి గాలి మార్గము నేలమట్టమున గలదా?

(7) చెడినప్పుడు ఎంత దూరమునుండి మెకానిక్కు రావలెను, ఎన్ని దినములలో వచ్చును?

(8) ఏడాదిలో ఎన్ని దినములు ఈ యంత్రము పనిచేయును? ఇరువది దినములే యైనచో మిగిలిన దినములలో దేనికి వాడుదుము?

ఈ ఎనిమిదవ ప్రశ్న అమ్మువానిని కాదు, మనలను మనమే అడుగుకొనవలసినది. అప్పు చేసి కొనిన యంత్రము కొట్టులో తుప్పుపట్టుచుండ వడ్డీ మాత్రము దినదినము పెరుగును.

ముగింపు

యంత్రము క్రొత్తదైనంత మాత్రమున మేలు కాదు, పాతదైనంత మాత్రమున కీడు కాదు. ఏ పనికి ఎంత వేడి కావలెనో తెలిసికొని, దానికి తగిన ఏతమును ఎన్నుకొనుటయే వివేకము. 2018లో మేము ఒక్క థర్మామీటరు తీసికొనిపోయి డ్రయరులో పెట్టి చూచియుండినచో ఆ గ్రామపు నారుమడులు పచ్చగా నుండెడివి. నాటినుండి మా సంచిలో ఒక థర్మామీటరు, తేమను కొలుచు మీటరు విడువక యుంచుకొనుచున్నాము. ప్రతి సంఘమును ఈ రెంటిని మాత్రము నేడే కొనవలెను; వీనికి అప్పు చేయనక్కరలేదు. ఆరబెట్టిన విత్తనములో నూరు గింజలను తడిగుడ్డలో చుట్టి, మొలకలు లెక్కపెట్టి, ఆ సంఖ్యను బస్తామీద వ్రాసి నిలువచేయుడు. 80కి తగ్గినచో అది విత్తనము కాదు, వడ్లే. తక్కినదంతయు తరువాత ఆలోచింపవచ్చును.